టైమ్‌టేబుల్ ఖరారు కాకముందే యూరప్ రైలు టికెట్లు: ఏది ముందు కొనాలి, దేనికి ఆగాలి

డిసెంబరు మూడో వారంలో పారిస్ నుంచి జ్యూరిక్ వెళ్లాలనుకుని ఆగస్టులో సైటు తెరిస్తే ఆ తేదీకి రైలే కనిపించకపోవచ్చు. విమానం టికెట్లు అప్పటికే చేతిలో ఉంటాయి, హోటల్ గది ఖాయమై ఉంటుంది. రైలు ఎత్తేశారేమోనని కంగారుపడి, ఎక్కువ డబ్బు పోసి ఇంకేదో కొనేసేవాళ్లు ఉన్నారు. చాలాసార్లు ఆ రైలు ఎక్కడికీ పోలేదు. దాని టైమ్‌టేబుల్ ఇంకా అమ్మకానికి రాలేదు, అంతే.

మన రైల్వేలో అలవాటైన లెక్క అక్కడ పనికిరాదు. మనకు గడువు ఒకటే: ప్రయాణానికి 60 రోజుల ముందు (2024 నవంబరు 1 దాకా అది 120 రోజులు) ఉదయం 8 గంటలకు రిజర్వేషన్ తెరుచుకుంటుంది. యూరప్‌లో దేశానికో గడువు, కంపెనీకో గడువు. ఒక్కోసారి ఒకే కంపెనీలో రైలుకో గడువు. పైగా డిసెంబరు మధ్యలో ఒక గీత ఉంది. ఆ గీతకు అవతలి తేదీలకు మామూలు గడువులేవీ వర్తించవు. అందుకే ఏ టికెట్ ముందు కొంటారు, ఏది ఆపుకుంటారు అన్నది ముందు తేల్చుకోవాలి. చవక ధర సంగతి ఆ తర్వాత.

డిసెంబరు గీత ఎందుకుంది

యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం రైళ్ల వార్షిక టైమ్‌టేబుల్ ఏటా డిసెంబరు రెండో శనివారం అర్ధరాత్రి మారుతుంది. 2024లో కొత్త టైమ్‌టేబుల్ డిసెంబరు 15 ఆదివారం మొదలైంది, 2025లో 14న. 2026లో అది డిసెంబరు 13, 2027లో 12. స్విట్జర్లాండ్, బ్రిటన్ యూనియన్‌లో లేకపోయినా ఇదే రోజు మార్చుకుంటాయి. జూన్ రెండో శనివారం యూనియన్ దేశాల్లో మరో సవరణ ఉండొచ్చు. బ్రిటన్‌లో రెండో మార్పు మే నెలలో వస్తుంది.

ఈ టైమ్‌టేబుల్ తయారీకి నెలలు పడుతుంది. ఫలానా పట్టా మీద ఫలానా నిమిషానికి మా రైలు నడుపుకుంటామని కంపెనీలు ఏప్రిల్‌లో పట్టాల నిర్వహణ సంస్థలకు దరఖాస్తు పెడతాయి. జులైలో ముసాయిదా వస్తుంది, ఆగస్టులో తుది రూపం. ఆ తర్వాత కంపెనీ తన రైళ్లకు పెట్టెలు కేటాయించాలి, సీట్ల పటం ఎక్కించాలి, ధరలు పెట్టాలి. కొత్త టైమ్‌టేబుల్ టికెట్లు చాలా దేశాల్లో అక్టోబరు దాకా కనిపించకపోవడానికి కారణం ఇదే. రెండు మూడు దేశాలు దాటే రైలైతే అందరూ ఒప్పుకోవాలి. అందరికన్నా నిదానంగా కదిలే దేశమే ఆ రైలు అమ్మకాన్ని నిర్ణయిస్తుంది.

రెండో కారణం పట్టాల పనులు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్–మాన్‌హైమ్ మధ్య రీడ్‌బాన్ లైనును 2024 జులై 15 నుంచి డిసెంబరు 14 వరకు పూర్తిగా మూసి మరమ్మతు చేశారు. 2025 ఆగస్టు 1న హాంబర్గ్–బెర్లిన్ లైను మూసినప్పుడు దూరప్రయాణ రైళ్లను దారి మళ్లించారు, ప్రయాణం సుమారు 45 నిమిషాలు పెరిగింది. ఇంత పెద్ద పనులు ముందే ప్రకటిస్తారు. చిక్కంతా వారాంతాల్లో జరిగే చిన్న పనులతోనే. అవి చివరి వారాల్లోగానీ టైమ్‌టేబుల్‌లోకి ఎక్కవు.

ఖరారు కాని టైమ్‌టేబుల్‌ను హడావుడిగా అమల్లో పెడితే ఏమవుతుందో బ్రిటన్ 2018 మే 20న చూసింది. ఇంగ్లండ్ వాయవ్యంలో లైన్ల విద్యుదీకరణ ఆలస్యమైంది, టైమ్‌టేబుల్ చివరి క్షణంలో తిరగరాయాల్సి వచ్చింది, కొత్త మార్గాలకు డ్రైవర్ల శిక్షణ పూర్తికాలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లోనూ లండన్ చుట్టుపక్కలా వారాల తరబడి రోజుకు వందల రైళ్లు రద్దయ్యాయి. మార్పు జరిగిన మొదటి వారంలో కీలక ప్రయాణం పెట్టుకోవద్దని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. మీ చేతుల్లో ఉంటే ఆ ఆదివారాన్నీ తర్వాతి మూడు నాలుగు రోజులనూ వదిలేయండి.

మొదటి అడుగు: తెర మీద ఏం కనిపిస్తోందో సరిగా చదవండి

“రైలు లేదు” అన్న ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు సంగతులు ఉండొచ్చు.

ఆ రోజుకు ఒక్క రైలు కూడా రాకపోతే టైమ్‌టేబుల్ ఎక్కలేదని అర్థం. నిర్ధారించుకోవడం తేలిక: ఒక్కో రోజు వెనక్కి జరుపుతూ వెతకండి. ఫలానా తేదీ దాకా అన్నీ కనిపించి, మర్నాటి నుంచి ఏమీ లేకపోతే అదే ప్రస్తుత అమ్మకపు హద్దు. ఆ తేదీ రాసిపెట్టుకుని వారం తర్వాత మళ్లీ చూడండి. అది రోజుకొక రోజు చొప్పున ముందుకు జరుగుతోందా, ఉన్నచోటే ఉండి ఒక్కసారిగా దూకుతుందా అన్నది తెలిస్తే మీ తేదీ ఎప్పుడు తెరుచుకుంటుందో అంచనా దొరుకుతుంది.

రైళ్లు కనిపించి ధర లేకపోతే టైమ్‌టేబుల్ వచ్చింది, అమ్మకం ఇంకా మొదలు కాలేదు. సీట్లు అయిపోయినప్పుడు కూడా కొన్ని సైట్లు ఇలాగే చూపిస్తాయి. అనుమానం తీర్చుకోవడానికి అదే రోజు వేరే సమయాలూ, అదే రైల్లో మధ్య స్టేషన్ల వరకూ వెతకండి. దేనికీ ధర లేకపోతే అమ్మకం తెరవలేదు. ఒక్క రైలుకే లేకపోతే అది నిండింది, లేదా ఆ రైలు ఇంకా ఖరారు కాలేదు.

కొన్ని రైళ్లే కనిపిస్తే జాగ్రత్తపడాలి. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. రోజుకు ఆరు నడిచే చోట రెండే కనిపిస్తున్నాయంటే మిగతావి ఇంకా ఎక్కించలేదని అర్థం. ఆ రెండింటిలో ఒకటి మార్చలేని టికెట్‌గా కొనేస్తే వారం తర్వాత మంచి సమయానికి, తక్కువ ధరకు ఇంకో రైలు వస్తుంది. అలాగే పూర్తి ధర టికెట్లు మాత్రమే కనిపిస్తూ రాయితీవి అసలు లేకపోతే ఒకట్రెండు వారాలు ఆగండి. ప్రయాణం నెలల దూరంలో ఉండగా రాయితీ కోటా అంతా అయిపోవడం పండగ రోజుల్లో తప్ప అరుదు.

ఇక రైలు నిజంగానే ఎత్తేసి ఉండటం. పారిస్–వియన్నా, పారిస్–బెర్లిన్ నైట్‌జెట్ అనే రాత్రి రైళ్లను ఆస్ట్రియా రైల్వే 2025 డిసెంబరు 14 టైమ్‌టేబుల్ మార్పుతో ఆపేసింది. ఇంకా తెరవలేదేమోనని ఎదురుచూసినా ప్రయోజనం ఉండేది కాదు. పారిస్–మిలాన్ టీజీవీ (ఫ్రాన్స్ వేగ రైలు) 2023 ఆగస్టులో కొండచరియలు పడి ఆగి, 2025 మార్చి 31న గానీ తిరిగి మొదలు కాలేదు. అందుకే మీ ప్రయాణం ఒకే ఒక్క రైలు మీద ఆధారపడి ఉంటే, ముఖ్యంగా అది రాత్రి రైలైతే, రైలు పేరు పెట్టి వార్తలు ఒకసారి వెతకండి. అమ్మకపు సైటు ఈ సంగతి చెప్పదు.

రెండో అడుగు: పాత టైమ్‌టేబుల్‌తో నమూనా గీయండి

మీ ప్రయాణం 2026 డిసెంబరు 19 శనివారం అనుకుందాం. ఇప్పుడు అమ్మకంలో ఉన్న ఏదైనా మామూలు శనివారం తీసుకోండి. వారం రోజు తప్పనిసరిగా కలవాలి. శనివారానికి మంగళవారం టైమ్‌టేబుల్ చూసి ప్రయోజనం లేదు. సెలవులు, పట్టాల పనులు ఉన్న తేదీలు వద్దు. ఒక్క తేదీ చాలదు, మూడు వేర్వేరు శనివారాలు చూడండి. మూడింటిలోనూ ఒకే నిమిషానికి ఉన్న రైలు నమ్మదగ్గది. పది ఇరవై నిమిషాలు అటూ ఇటూ అవుతున్నదాన్ని “ఉదయం పది ప్రాంతంలో” అని మాత్రమే రాసుకోండి.

గంటకోసారి ఒకే నిమిషానికి రైళ్లు బయల్దేరే దేశాల్లో ఈ అంచనా బాగా నిలుస్తుంది. స్విట్జర్లాండ్ 1982 నుంచి దేశమంతా ఆ పద్ధతే పాటిస్తోంది. అక్కడ కూడా గుడ్డిగా నమ్మకూడదు: 2024 డిసెంబరు 15న ఫ్రెంచి మాట్లాడే ప్రాంతపు టైమ్‌టేబుల్‌ను బాగా తిరగరాశారు, జెనీవా–నూషాటెల్ మధ్య అప్పటిదాకా నేరుగా వెళ్లినవాళ్లు చాలామంది రెనాన్‌లో రైలు మారాల్సి వచ్చింది. అయితే స్విస్ వాళ్లు ముసాయిదాను వేసవి మొదట్లోనే ప్రజాభిప్రాయం కోసం ఆన్‌లైన్‌లో పెడతారు. అమ్మకం తెరవకముందే డిసెంబరు తర్వాతి నిమిషాలు చూసుకునే అవకాశం ఇలా మరెక్కడా సులువుగా దొరకదు.

నమూనాలో ఒక్కో రైలుకు నాలుగు సంగతులు చాలు: బయల్దేరే స్టేషన్ పూర్తి పేరు, సుమారు సమయం, ప్రయాణానికి పట్టే గంటలు, అదే దారిలో ఆ రోజు ఆఖరి రైలు. ఆఖరి రైలు సమయం చాలామంది రాసుకోరు. రాత్రి ప్లాట్‌ఫారం మీద దిక్కుతోచక నిలబడేది వాళ్లే.

మూడో అడుగు: రైళ్లను మూడు కుప్పలు చేయండి

రిజర్వేషన్ లేకుండా ఎక్కనివ్వని రైళ్లు ఒక కుప్ప. ఫ్రాన్స్ టీజీవీలు, యూరోస్టార్, స్పెయిన్ ఏవీఈలు, ఇటలీ ఫ్రెచ్చారోసాలు లాంటి వేగ రైళ్లు, దాదాపు అన్ని రాత్రి రైళ్ల బెర్తులు ఇందులోకి వస్తాయి. సీట్లు పరిమితం, ధర రోజురోజుకూ పెరుగుతుంది. మీ ప్రయాణం మొత్తానికి గుంజ ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ కట్టుకోవాలి.

రెండో కుప్ప: సీటు తప్పనిసరి కాదు, కానీ ముందే కొంటే చవక. జర్మనీ ఐసీఈ, ఆస్ట్రియా రైల్‌జెట్, బ్రిటన్‌లోని చాలా దూరప్రయాణ రైళ్లు ఇలాంటివి. ఇక్కడ చవక టికెట్ అంటే సాధారణంగా ఒకే రైలుకు కట్టేసిన టికెట్. ఆ రైలు తప్పితే అది చెల్లదు.

మూడోది ఎప్పుడు కొన్నా ఒకే ధర ఉండేవి. ఇటలీలో రెజొనాలె అనే ప్రాంతీయ రైళ్లు, ఫ్రాన్స్‌లో అలాంటివే అయిన టీఈఆర్ రైళ్లు ఎక్కువ భాగం, జర్మనీ ప్రాంతీయ రైళ్లు, స్విస్ మామూలు టికెట్లు. టైమ్‌టేబుల్ రాలేదని వీటి గురించి ఒక్క నిమిషం కూడా బెంగపడక్కర్లేదు. ఫ్లోరెన్స్ నుంచి పీసాకు రెజొనాలె టికెట్ ఆరు నెలల ముందు కొనాలని తంటాలు పడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అది ఎక్కే రోజే కొనుక్కోవచ్చు. జర్మనీలో ఎక్కువ రోజులు ఉండేవాళ్లకు డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది: 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, ప్రాంతీయ రైళ్లు, మెట్రోలు, బస్సులన్నీ అందులోకే. ఐసీఈలు ఎక్కనివ్వదు. అది చందా కాబట్టి ఆ నెలతో ఆపేయాలంటే 10వ తేదీలోగా రద్దు చెప్పాలి. మర్చిపోతే తర్వాతి నెల డబ్బు కూడా పోతుంది.

యూరైల్ పాస్ (యూరప్ నివాసులకైతే ఇంటర్‌రైల్) టైమ్‌టేబుల్‌తో సంబంధం లేకుండా ముందే కొనుక్కోవచ్చు, మొదలుపెట్టే తేదీకి 11 నెలల ముందు నుంచీ. రెండో, మూడో కుప్పల రైళ్లు ఎక్కువగా ఉన్న ప్రయాణానికి ఇది హాయి. మొదటి కుప్ప రైళ్లకు మాత్రం పాస్ ఉన్నా రిజర్వేషన్ విడిగా డబ్బు కట్టి చేసుకోవాలి. టీజీవీ, యూరోస్టార్‌లలో పాస్‌దారులకు ఇచ్చే సీట్లు కొన్నే. రైల్లో ఖాళీ ఉన్నా ఆ కోటా అయిపోవచ్చు. పాస్ కొనేశాం కదా అని ధీమాగా కూర్చుంటే దెబ్బతినేది ఇక్కడే.

నాలుగో అడుగు: ఏ దేశం ఎప్పుడు తెరుస్తుంది

జర్మనీ అన్నిటికన్నా క్రమశిక్షణగా ఉంటుంది. డిసెంబరు మార్పు తర్వాతి తేదీలను అక్కడి రైల్వే కంపెనీ డాయిష్ బాన్ ఏటా అక్టోబరు మధ్యలో అమ్మకానికి పెడుతుంది. తేదీ ముందే ప్రకటిస్తుంది. క్రిస్మస్ వారంలో ప్రయాణం ఉంటే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఆ రోజే కొనండి.

ఫ్రాన్స్‌లో రైల్వే కంపెనీ ఎస్ఎన్‌సీఎఫ్ రోజూ కొంచెం కొంచెంగా తెరవదు. నెలల కాలాన్ని ముక్కలుగా చేసి ఒక్కో ముక్కను ఒక్కసారిగా తెరుస్తుంది. వేసవికి ఒక తేదీ, క్రిస్మస్‌కు ఒక తేదీ. ఈ క్యాలెండర్ వాళ్ల సైటులోనే ఉంటుంది, అమ్మకం తెరవగానే కబురు పంపే అలర్ట్ కూడా పెట్టుకోవచ్చు. తెరిచిన రోజు ఉదయం సైటులో క్యూ ఉంటుంది. చవక బ్రాండు ఊయిగో తేదీలు మామూలు టీజీవీ తేదీలతో కలవాలని లేదు, రెండూ చూసుకోండి.

స్పెయిన్ సంగతి వేరు. అక్కడి రైల్వే కంపెనీ రెన్ఫే ఎప్పుడు ఎంతవరకు తెరుస్తుందో ఊహించడం కష్టం. ఒక మార్గం తెరిచి పక్క మార్గాన్ని వారాల పాటు మూసి ఉంచుతుంది. మాడ్రిడ్–బార్సిలోనా లాంటి పెద్ద మార్గాల్లో అయితే 2021 నుంచి ఊయిగో, 2022 నుంచి ఇర్యో కూడా అవే పట్టాల మీద రైళ్లు నడుపుతున్నాయి. వాటి అమ్మకం విడిగా ఉంటుంది, రెన్ఫే కన్నా ముందే తెరిచి ఉండటం మామూలే. రెన్ఫే కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడటం కన్నా ఆ రెండూ చూడటం మేలు.

ఇటలీలోనూ ట్రెనిటాలియా, ఇటాలో రెండు వేర్వేరు కంపెనీలు, వేర్వేరు అమ్మకపు హద్దులు. ఆస్ట్రియా రైల్వే నైట్‌జెట్ బెర్తులను మామూలుగా ఆరు నెలల ముందు దాకా అమ్ముతుంది, కానీ డిసెంబరు గీతకు అవతల ఆ గడువు చెల్లదు. రాత్రి రైల్లో పడక బెర్తులు ముందు అయిపోతాయి, కూచెట్టులు (గది పంచుకునే సాదా బెర్తులు) ఆ తర్వాత, కుర్చీలు ఆఖర్న. నలుగురు కుటుంబం ఒకే గదిలో కావాలంటే తెరిచిన మొదటి రోజుల్లోనే పట్టాలి.

బ్రిటన్‌లో టైమ్‌టేబుల్ ప్రయాణానికి 12 వారాల ముందు ఖరారు కావాలన్నది నియమం, చవక అడ్వాన్స్ టికెట్లు ఇంచుమించు అప్పుడే విడుదలవుతాయి. కొన్ని కంపెనీలు ఇంకా ముందే ఇస్తాయి. పట్టాల పనులుంటే కొన్ని బాగా ఆలస్యం చేస్తాయి. నేషనల్ రైల్ సైటులో ఏ కంపెనీ ఏ తేదీ దాకా అడ్వాన్స్ టికెట్లు తెరిచిందో చెప్పే పట్టిక ఉంటుంది. వారం మధ్య రోజులు ముందు వచ్చి శని, ఆదివారాలు వెనకబడటం అక్కడ పరిపాటి, ఎందుకంటే పనులు జరిగేది వారాంతాల్లోనే. ఆఫ్‌పీక్ (రద్దీ లేని వేళలవి), ఎనీటైమ్ (ఏ వేళకైనా చెల్లేవి) టికెట్ల ధర ముందు కొన్నా ఆ రోజు కొన్నా ఒకటే, వాటికి ఆదుర్దా వద్దు. డిసెంబరు 25న బ్రిటన్‌లో ప్రధాన లైన్ల మీద రైళ్లే నడవవు, 26న చాలా తక్కువ. ఆ రెండు రోజులకు ఏమీ కనిపించకపోతే అమ్మకం తెరవలేదనుకుని కాచుక్కూర్చోవద్దు.

“ముందే బుక్ చేసి పెడతాం” అనే మధ్యవర్తి సైట్ల గురించి ఒక మాట. కంపెనీ తెరవని టికెట్ ఎవరి దగ్గరా ఉండదు. వాళ్లు తీసుకునేది మీ డబ్బు, ఒక అభ్యర్థన. అమ్మకం తెరిచాక మీరు కోరిన రైలు దొరక్కపోతే వేరేది అంటగట్టే షరతు ఆ చిన్న అక్షరాల్లో ఉందేమో చదవండి.

ఐదో అడుగు: కొనే వరుస, మధ్య ఖాళీ

ఉదాహరణకు లండన్ నుంచి పారిస్ మీదుగా జ్యూరిక్, ఒకే రోజు. యూరోస్టార్ పారిస్ గార్ దు నోర్‌కు సుమారు రెండుంబావు గంటల్లో చేరుతుంది. జ్యూరిక్ వెళ్లే టీజీవీ లిరియా గార్ ద లియాన్ నుంచి బయల్దేరి నాలుగు గంటలు తీసుకుంటుంది. స్టేషన్లు వేరు, మధ్యలో ఆర్ఈఆర్ డి అనే సబర్బన్ రైలు లైను ఎక్కితే మొదటి స్టాపు షాత్లే, రెండోది గార్ ద లియాన్. కాగితం మీద ఇరవై నిమిషాల పని. సూట్‌కేసులతో, పిల్లలతో, టికెట్ యంత్రం దగ్గర క్యూతో అది గంట అవుతుంది.

ఈ రెండు రైళ్లలో యూరోస్టార్ తెరిచి ఉండి లిరియా ఇంకా తెరవలేదనుకోండి. చవకగా ఉందని యూరోస్టార్ మార్చలేని టికెట్ కొంటే, లిరియా పాత సమయం కన్నా అరగంట ముందుకు జరిగిన రోజున చిక్కుకుంటారు. మూడు దారులున్నాయి. రెండూ తెరిచేదాకా ఆగడం ఒకటి. ఆగితే ధర పెరుగుతుందన్న భయముంటే, మార్చుకోవడానికి వీలున్న టికెట్ కొని ఆ షరతు గడువు రాసుకోవడం రెండోది. మూడోది, మొదటి రైలును నమూనా చెప్పిన దానికన్నా ఒక రైలు ముందుది తీసుకోవడం. పారిస్‌లో రెండు గంటలు కాఫీ తాగుతూ కూర్చోవాల్సి వస్తే వచ్చింది. మా ఓటు మూడోదానికే. టికెట్ మార్పిడి రుసుము, కొత్త టికెట్‌లో ధర తేడా కలిపితే ఆ కాఫీ ఎప్పుడూ చవకే.

ఖాళీ ఎంత ఉంచాలన్నదానికి మోటు లెక్క ఇది: ఒకే స్టేషన్‌లో, ఒకే టికెట్ మీద మారుతుంటే సైటు చూపే కనీస సమయానికి 15–20 నిమిషాలు కలపండి. విడివిడి టికెట్లైతే గంట. స్టేషన్ మారాలంటే గంటన్నర. తర్వాతిది ఆ రోజుకు ఆఖరి రైలో, రాత్రి రైలో అయితే రెండు గంటలకు తగ్గొద్దు. టైమ్‌టేబుల్ ఖరారయ్యాక ఈ ఖాళీ తగ్గించుకోవచ్చు. ముందే తగ్గించి కొంటే పెంచుకునే దారి ఉండదు.

వీలైతే మొత్తం ప్రయాణం ఒకే లావాదేవీలో, ఒకే టికెట్‌గా కొనండి. 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ ప్రయాణికుల హక్కుల నియమం ప్రకారం గమ్యానికి 60 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ ఆలస్యం తప్పదనిపిస్తే డబ్బు వాపసు అడగొచ్చు, లేదా ఇంకో దారిలో గమ్యం చేర్చమనొచ్చు. బయల్దేరాల్సిన సమయం నుంచి 100 నిమిషాల్లోగా కంపెనీ ఏ దారీ చూపకపోతే మీరే వేరే రైలో, బస్సో చూసుకుని తగిన ఖర్చు రాబట్టుకోవచ్చు. 60 నుంచి 119 నిమిషాల ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు, ఆపైన అయితే 50 శాతం పరిహారం. మూడు నెలల్లోగా అడగాలి. ప్రకృతి వైపరీత్యాల లాంటి అసాధారణ కారణాలైతే పరిహారం రాదు, కానీ గమ్యం చేర్చే బాధ్యత పోదు. ఇదంతా ఒక టికెట్‌కు వర్తించే లెక్క. విడివిడిగా కొంటే మొదటి రైలు ఆలస్యానికి రెండో కంపెనీ జవాబుదారీ కాదు.

ఆరో అడుగు: అమ్మకం తెరిచిన రోజు

ముందు రోజే ఖాతా తెరిచి ప్రయాణికుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఎక్కించండి. ఇంటిపేరు, పేరు ఏ గడిలో ఏది వెళ్లాలో అప్పుడు తేల్చుకోండి; క్యూలో ఉండగా కాదు. కార్డులో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు తెరిచి ఉంచండి, ఓటీపీ వచ్చే సిమ్ ఫోన్‌లో ఉండాలి. చెల్లింపు ఆగిపోతే వెంటనే రెండోసారి కొట్టకుండా ఖాతాలో బుకింగ్, బ్యాంకులో డెబిట్ చూసుకోండి. ఒకే రైలుకు రెండు టికెట్లు కొనేది ఈ తొందరలోనే.

మొదటి కుప్ప రైలు ముందు కొనండి. అది చేతికొచ్చాకే రెండో కుప్ప. రానుపోను టికెట్ చవకని తిరుగు ప్రయాణం కూడా కలిపేయకండి. వెళ్లడం డిసెంబరు గీతకు ఇవతల, తిరిగి రావడం అవతల అయితే తిరుగు రైలు ఇంకా కనిపించదు, లేదా సగమే కనిపిస్తుంది. విడిగా కొన్నా చాలా కంపెనీల్లో ధర తేడా ఉండదు.

ఏడో అడుగు: కొన్నాక వదిలేయొద్దు

టైమ్‌టేబుల్ మారితే కంపెనీ మెయిల్ పంపుతుంది. మధ్యవర్తి యాప్‌లో కొంటే ఆ కబురు మధ్యలో ఆగిపోవచ్చు, స్పామ్‌లో పడొచ్చు. అందుకే ప్రయాణానికి నెల ముందు, వారం ముందు, ముందు రోజు సాయంత్రం, మూడుసార్లు రైలు నంబరుతో కంపెనీ సైటులోనే చూడండి. నిమిషాలతో పాటు స్టేషన్ కూడా సరిచూడాలి. పనులప్పుడు రైలు నగరంలోని వేరే స్టేషన్ నుంచి బయల్దేరుతుంది, లేదా కొంత దూరం బస్సు పెడతారు. బస్సు ఆగేచోటు స్టేషన్ ముందే ఉంటుందన్న హామీ లేదు.

మారిందని తెలిస్తే వెంటనే క్యాన్సిల్ కొట్టకండి. మీ అంతట మీరు రద్దు చేసుకుంటే మామూలు రుసుములు పడతాయి. కంపెనీ మార్పు వల్ల అని అడిగితే చాలాచోట్ల ఉచితంగా మారుస్తారు. జర్మనీలో టైమ్‌టేబుల్ మారి మీ రైలు రద్దైనా, గమ్యానికి 20 నిమిషాలకు మించి ఆలస్యం తప్పదని తేలినా చవక టికెట్‌కున్న ఒకే రైలు కట్టుబాటు పోతుంది, వేరే రైలు ఎక్కవచ్చు. బ్రిటన్‌లో రైలు రద్దయి మీరు ప్రయాణం మానుకుంటే అడ్వాన్స్ టికెట్‌కైనా పూర్తి డబ్బు తిరిగొస్తుంది. ఏం మారినా పాత సమయం, కొత్త సమయం రెండూ కనిపించే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. రైల్లో టికెట్ చూసే ఆయనకు మీ కథంతా వినే తీరిక ఉండదు, ఆ బొమ్మ చూపిస్తే సరిపోతుంది.

ఇటలీ వెళ్తుంటే ఆఖరి వారంలో సమ్మె ప్రకటనలు కూడా చూడండి. అక్కడ సమ్మెకు కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లు కొన్ని తప్పక నడుస్తాయి. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట జరుపుతారు. ఆ రాత్రి రైల్లో పడుకునేవాళ్లు, పొద్దున కనెక్షన్ ఉంటే, కొత్త సమయంతో ఇంకోసారి లెక్క వేసుకోవాలి.